ఆ వారం పూలు

మా ఆయనకు పువ్వులంటే ప్రాణం. అయితే ఆయన ఇష్టపడే పువ్వుల్లో ఒక్కటీ దేవుడి మెడలోకి ఎక్కదు, ఆడవాళ్ళ తలలోకి ఎక్కదు. కాలి కింద నలిగేవి, మేకలు మేసేవి, గడ్డిలో గడ్డిగా కలిసిపోయేవి, అవే కావాలి ఆయనకు. ముప్ఫై ఆరేళ్ళ కిందట, పెళ్ళైన కొత్తలో ఒకరోజు, నీకోసం పువ్వు తెచ్చానంటే సిగ్గుపడుతూ చేయి చాచాను. అరచేతిలో ఆవగింజ కంటే కాస్త పెద్దదైన నీలపు చుక్క ఒకటి పెట్టి, దాని లాటిన్ పేరు చెప్పి, మళ్ళీ జాగ్రత్తగా తీసుకుని పాత పంచాంగం మధ్యలో ఒత్తి దాచుకున్నారు. ఈ మనిషితో సంసారం ఎలా ఉండబోతుందో నాకు ఆ రోజే అర్థమైపోయింది.

నా సంగతి ఇంకో రకం. నేను పుట్టి పెరిగింది తిరుమల కొండ మీద. మా నాయన గుడిలో పూల కైంకర్యం చేసేవారు. కొండ మీద ప్రతి పువ్వూ స్వామిదే, మనుషులు తలలో పెట్టుకోకూడదు. ఇరవై ఏళ్ళు వచ్చేదాకా పువ్వంటే నా ముక్కుకు తెలుసు గానీ నా జడకు తెలియదు. పెళ్ళై కిందికి, తిరుపతికి వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. మా అత్తగారు శుక్రవారం పూట మూరెడు మల్లెలు పెట్టేవారు. నేను వంటింట్లోంచి దేవుడి గదిలోకి వెళ్ళేలోపు చెయ్యి దానంతట అదే పైకి పోయి ఆ మల్లెలు తీసి పటానికి వేసేసేది. పాపం, ఆవిడ చివరిదాకా పెడుతూనే ఉన్నారు, నేను తీస్తూనే ఉన్నాను.

మా ఆయన పేరు లక్ష్మీనరసింహ. తిరుపతిలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రెండేళ్ళ కిందట రిటైరయ్యారు. ఏటా మార్చి రెండో ఆదివారం చంద్రగిరి కోట వెనక కొండ పాదం దగ్గర ఆయన ఒక నడక పెడతారు. దాని పేరు నేలపూల నడక. ఆయన శిష్యురాలు స్టెల్లా ఇప్పుడు చిత్తూరులో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. ఆమె పదీ పదిహేను మంది పిల్లల్ని బస్సులో తీసుకొస్తుంది. వీళ్ళంతా కలిసి ఎండలో వంగి వంగి నడుస్తూ, గడ్డిలో పువ్వులు వెతుక్కుంటూ, బొమ్మలు గీసుకుంటూ మధ్యాహ్నం దాకా గడుపుతారు. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇదే వరస. చెట్లకు పూసేవి వేరే వాళ్ళ శాఖట, ఈయనకు పట్టవు. వాన చూసుకుని మొలిచి, నాలుగు వారాలు నవ్వి పోయే చిన్నవాటి మీదే ఈయన మనసంతా.

దానికో పొడుగు పుస్తకం కూడా ఉంది. ప్రతి పేజీకీ నాలుగు గడులు: పువ్వు పేరు, చోటు, మొదట కనిపించిన తేదీ, చూసినవారు. ఆ చివరి గడిలో ఇరవై ఒక్క ఏళ్ళుగా 'ల.న.', 'ల.న.' అని తప్ప ఇంకో అక్షరం లేదు. నన్ను కూడా రమ్మని మొదట్లో పిలిచేవారు. ఎండలో గడ్డి చూడడానికి ఊరు దాటి పోవాలా, మన పెరట్లో కావలసినంత ఉంది కదా అన్నాను. తర్వాత పిలవడం మానేశారు.

ఇంక ఈ ఏడాది సంగతి. మా వైపు వానంటే కార్తీకంలో సముద్రం మీద నుంచి రావలసిందే. పోయిన కార్తీకంలో టీవీ వాళ్ళు మూడుసార్లు వాయుగుండం అన్నారు. మూడుసార్లూ నేను డాబా మీది వడియాలు హడావుడిగా కిందికి దించాను. మూడుసార్లూ ఆ గుండం మా మొహం చూడకుండా ఎటో తిరిగిపోయింది. వడియాలు మాత్రం గలగలలాడేటట్టు ఎండాయి. వాటితో పాటు నేలా ఎండింది.

సంక్రాంతి పోయింది, మాఘం వచ్చింది. ఏటా మాఘంలో ఈయన మునిరామయ్యకు ఫోన్ చేస్తారు. అతను కోట వెనక పల్లెలో మేకలు కాస్తాడు. ఏ మూల ఏం మొలిచిందో మేకల తర్వాత అతనికే తెలుస్తుంది. ఈసారి ఈయన ఫోన్ చేయలేదు. అడిగి ఏం లాభం, అడగకుండానే తెలుస్తోంది కదా అన్నారు. దానికి తోడు మోకాలు వాచి స్కూటరు ఎక్కే వీలు లేకపోయింది. కుర్చీలో కూర్చుని స్టెల్లాకు పంపడానికి 'ఈ ఏడాది నడక లేదు' అని సెల్‌ఫోన్‌లో కొట్టుకున్నారు. కొట్టారు గానీ పంపలేదు. నాలుగు రోజులు ఆ నాలుగు మాటలూ అలాగే ఉన్నాయి. రోజూ తెరిచి చూసుకుంటారు, మూసేస్తారు. నాలుగో రోజు పెరుగన్నంలోకి ఆవకాయ వద్దన్నారు.

ఈయన ఆవకాయ వద్దన్నారంటే మామూలు విషయం కాదు. ఆపరేషనయిన రోజు కూడా అడిగిన మనిషి. నాకు భయమేసింది. కాలేజీ పోయింది, పాఠాలు పోయాయి, స్కూటరు మూలన పడింది. ఏడాదికి ఒక్క ఆదివారం మిగిలింది, అదీ పోతే ఈయన కుర్చీలోంచి లేస్తారా అనిపించింది. నాకు ఆ గడ్డిపూల మీద ప్రేమేమీ లేదు. ఈయన మీద ఉంది. ఆ మాట ఎప్పుడూ పైకి అన్నది లేదు, మా ఇళ్ళల్లో అలా అనుకునే అలవాటూ లేదు. అందుకని ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేనే మునిరామయ్యకు ఫోన్ చేశాను.

ఎత్తింది అతని భార్య కుప్పమ్మ. ఈడ మేతలేక మేకల్ని పైకి, భాకరాపేట అడవి వైపు తోలుకుపోయాడట మొగుడు, ఫోను ఇంట్లోనే ఉంచిపోయాడట. కుప్పమ్మ పుట్టిల్లు చిత్తూరు దాటాక, గుడిపాల పక్కన, తమిళనాడు పొలిమేరలో. రెండు మాటలు తెలుగు, ఒక మాట తమిళం. దానికి నేనేం జంకలేదు. ధనుర్మాసం ముప్ఫై రోజులూ తమిళ పాశురాలు ఒక్క తప్పు లేకుండా చదువుతాను, నాకు తమిళం వచ్చని మా వీధిలో పెద్ద పేరు. ఆ ధైర్యంతోనే మాట్లాడాను.

"మార్చి రెండో ఆదివారం వస్తాము కుప్పమ్మా. ఆ వారం పూలుంటాయా?"

"ఆవారం పూలా? ఓ, శానా ఉంటాయి మా. ఎండేకొద్దీ పూస్తాయి అవి. మీరు రాండి, నేను సూపిస్తా."

నాకు ఇంకేం కావాలి? ఫోను పెట్టేసి, నిద్రపోతున్న మనిషిని లేపి మరీ చెప్పాను, ఆ వారం పూలుంటాయని. ఏ పూలన్నారు. పూలంటే పూలు, మేకలు కాసే ఆవిడ లాటిన్ పేర్లు చెబుతుందా అన్నాను. ఎంతున్నాయంది అన్నారు. చాలా అంది అన్నాను. ఆయన లేచి కూర్చున్నారు. కొండ పక్కన ఒక్కోసారి మనకు తెలియకుండా జల్లు పడుతుంది, ఒక్క మేఘం చాలు, గింజలు దానికోసమే కాచుకుని ఉంటాయి అని తనకు తానే నచ్చజెప్పుకున్నారు. సందేహం నాకు రావాలి కదా, రాలేదు. ఆశపడేవాళ్ళను చూస్తుంటే సందేహాలు దగ్గరికి రావు.

ఆ నాలుగు మాటలూ చెరిపేసి స్టెల్లాకు కొత్త కబురు పంపారు. 'పూలు ఉన్నాయి. రమామణి స్వయంగా కనుక్కుంది. రండి.' స్టెల్లా పద్నాలుగు మంది పిల్లలతో వస్తున్నానని జవాబిచ్చింది. ఆ రాత్రి ఈయన ఆవకాయ రెండుసార్లు వేయించుకున్నారు. నేను మాత్రం ఆ కబురులో నా పేరు చూసి ఇంకోసారి చదువుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ నడక తాలూకు కాగితం మీద నా పేరు పడటం అదే మొదలు. నా మాట మీద పద్నాలుగు మంది పిల్లలు బస్సెక్కుతుంటే నేను ఇంట్లో కూర్చుంటానా? నేనూ వస్తున్నానన్నాను. ఈయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు.

ఆదివారం పొద్దున్నే పులిహోర, దద్ధ్యోజనం కట్టుకుని బయల్దేరాము. చంద్రగిరి ఎంత దూరం, బస్సెక్కి కూర్చుని ఒళ్ళు సర్దుకునేలోపు వచ్చేస్తుంది. కానీ ఆ కాసేపట్లోనే కిటికీలోంచి చూస్తూ చూస్తూ నా ఉత్సాహం సగం కారిపోయింది. చేలన్నీ బీడు. గట్ల మీద గడ్డి కాల్చినట్టు ఉంది. పూలుంటాయని నేను కోతలు కోసిన కొండ దూరం నుంచి మాడిన బెల్లపు ముద్దలా కనిపించింది. మా ఆయన కూడా చూస్తూనే ఉన్నారు, చూస్తూనే దిగడానికి సంచీ సర్దుకుంటున్నారు. నా మాట మీద ఆయనకు అంత నమ్మకం ఉన్నందుకు నాకు మొదటిసారి బాధ కలిగింది.

చిత్తూరు బస్సు దిగి పిల్లలు అప్పటికే వచ్చేశారు. అందరి చేతుల్లో బొమ్మల పుస్తకాలు, రంగు పెన్సిళ్ళు. కోమలి అని ఒక పిల్ల, రెండు జడలు, ముందరి పన్ను కొంచెం విరిగింది, నీలం పెన్సిలును సూదిలా చెక్కుకుని వచ్చింది. పోయినేడు వాళ్ళక్క వచ్చి విష్ణుక్రాంతం బొమ్మ గీసుకుపోయిందట, దానికి బడిలో బహుమతి కూడా వచ్చిందట. ఈసారి తనూ అదే గీస్తుందట. విష్ణుక్రాంతం ఒక్కటి నాకూ తెలుసు. మా ఆయన పెళ్ళైన కొత్తలో నా చేతిలో పెట్టి లాక్కున్న నీలపు చుక్క అదే. పేరులో విష్ణువున్నాడు కాబట్టి దాన్ని నేను క్షమించాను.

కోట పక్క దారిలో కొండ పాదానికి చేరి నడక మొదలుపెట్టాము. ఈయన ముందు, కర్ర ఆనించుకుంటూ. ప్రతి పది అడుగులకూ ఆగుతారు. ఆ ఆగే చోట్లు ఆయన కాళ్ళకు తెలుసు. ఈ రాయి పక్కన విష్ణుక్రాంతం ఉండాలి. ఆ వాలులో తెల్లగా తుమ్మిపూలు ఉండాలి. ఈ దారంతా పల్లేరు పసుపు పచ్చగా పరుచుకుని ఉండాలి, ముళ్ళు గుచ్చుకుంటాయని పిల్లలు గెంతుతూ నడవాలి. ఇప్పుడు పల్లేరు ముల్లు కూడా దిక్కులేదు. నేల నెర్రెలిచ్చి ఉంది. కొండ నెత్తిన మాత్రం ఆకుల్లేని చెట్టు ఒకటి నాలుగు పసుపు పచ్చటి పూలు పూసి, మనిషి ఎక్కలేని చోట నిలబడి మమ్మల్ని వేడుక చూస్తోంది.

గంట గడిచింది. పిల్లలు మంచివాళ్ళు, గొణగలేదు. ఎండిన గడ్డిపరకలు గీసుకుంటామని ఇద్దరు కూర్చున్నారు కూడా. అప్పుడు కోమలి ఈయన దగ్గరికి వెళ్ళి, "సార్, పువ్వులు యాడుండాయి?" అని అడిగింది. పెంకితనంగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఈయన నా వైపు తిరిగారు. ఆ చూపులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. అందులో కోపం లేదు, నువ్వు కనుక్కున్నావు కదా రమా, ఎక్కడో చెప్పు, అన్నట్టు ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అంటే కుప్పమ్మ మీద. వీళ్ళను చింతచెట్టు కింద కూర్చోబెట్టి పులిహోర పంచమని స్టెల్లాకు చెప్పి, కొంగు బిగించి పల్లెలోకి నడిచాను. దారిలో అనవలసిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. కుప్పమ్మ ఇంటి ముందు కూర్చుని చేటలో కందిపప్పు ఏరుతోంది. కుప్పమ్మా అని పిలవగానే, నన్ను ఎప్పుడూ చూడకపోయినా నా గొంతు గుర్తుపట్టేసింది. రా మా, కూచో, మజ్జిగ తాగు అంది. మజ్జిగ తాగితే పేర్చుకున్న మాటలు చల్లారిపోతాయని తాగలేదు.

"ఆ వారం పూలుంటాయని చెప్తివి కదా కుప్పమ్మా. పద్నాలుగు మంది పిల్లలొచ్చినారు. నీ మాట నమ్మి నేను మా ఆయనకు చెప్పినాను. యాడ చూసినా ఒక్క పువ్వు లేదే."

"లేకేం మా? ఉండాయని సెప్తిని కదా, దండిగా ఉండాయి. మీరు కొండ కిందనే తిరగతా ఉంటే యాడ కనపడతాయి? కుంటకట్ట ఎక్కాల."

చేట పక్కన పెట్టి ఆమె నడిచింది, వెనకే నేను. పల్లె చివర నీళ్ళు లేని కుంట, దానికో మట్టికట్ట. కట్ట ఎక్కేసరికి నాకు ఊపిరి ఆడలేదు. ఎక్కినందుకు కొంత, ఎదురుగా కనిపించినందుకు కొంత. కట్టకు అవతల వాలు మొత్తం పసుపు. నడుమెత్తు పొదలు, పొద పొదకూ గుత్తులు, ఆ చివర నుంచి ఈ చివర దాకా. కొండలో ఉన్న తేనెటీగలన్నీ ఇంకెక్కడా పని దొరక్క ఇక్కడికే చేరినట్టున్నాయి, ఒకటే రొద.

నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టక ఏం, తిరుపతి నుంచి ఏ ఊరికి పోయినా రోడ్డు పక్కన కనపడేదే, పొద్దున బస్సులోంచీ చూసే ఉంటాను, పువ్వుల లెక్కలోకి తీసుకోలేదు. ఇది తంగేడు కదా కుప్పమ్మా అన్నాను.

"ఈడ తంగేడంటారు. మా పుట్టింటి పక్క ఆవారం అంటాము మా. ఆవారం పూ. మేకలు ముట్టవు, ఎండ సంపదు. మీరే కదా ఫోనులో అడిగినారు, ఆవారం పూలుంటాయా అని."

నాకు రెండు నిమిషాలు పట్టింది. ఆ వారం. ఆవారం. ఆమె నాతో అబద్ధం చెప్పలేదు, నేనడిగిన దానికి అక్షరాలా జవాబు చెప్పింది. నేనే అడగనిది అడిగి, చెప్పనిది విన్నాను. ముప్ఫై రోజుల పాశురాలూ, నా తమిళమూ, మా వీధిలో నా పేరూ అన్నీ ఆ కుంటలో పడ్డాయి. కుప్పమ్మకు చెబితే ఆమె కట్ట మీదే కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి లేచి, దగ్గరి పొదలోంచి గుత్తి ఒకటి తుంచి నా కొప్పులో దోపింది. నా చెయ్యి అలవాటు కొద్దీ పైకి పోయింది. మా తిరుమల అలవాటు అన్నాను. ఆమె ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇది తిరుమల కాదులే మా, ఉండనీ అంది.

స్టెల్లాకు ఫోన్ చేశాను. పిల్లలు ఒక్క పరుగున వచ్చి కట్ట దాటి పసుపులోకి దూకారు. పులిహోర చేతులతోనే కొందరు. మా ఆయన మాత్రం కర్ర ఊతంతో ఆఖరున ఎక్కి వస్తున్నారు. ఆయన పైకి చేరేలోపు నేను ఒక లెక్క వేసుకున్నాను. ఈ తికమక నాకూ కుప్పమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. కుప్పమ్మను ఊరుకోమంటే ఊరుకుంటుంది. పూలుంటాయని చెప్పాను, ఉన్నాయి, నా మాట నిలబడింది అని హాయిగా తలెత్తుకోవచ్చు. కానీ ఆయన కట్ట మీదికి వచ్చి, ఆ పసుపు చూసి, నన్ను చూసి, "నువ్వు చెప్పినట్టే ఉండాయే రమా" అన్నారు. ఆ మాట విన్నాక దాచుకోవడం నా వల్ల కాలేదు. అన్నీ చెప్పేశాను. నేనేమడిగానో, ఆమె ఏం విందో, ఆమె ఏం చెప్పిందో, నేనేం విన్నానో. పిల్లలూ చుట్టూ చేరి విన్నారు.

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ముందు చప్పుడు లేకుండా, తర్వాత భుజాలు ఊగేటట్టు, ఆఖరికి కళ్ళద్దాలు తీసి పంచెతో కళ్ళు తుడుచుకునేదాకా. నిరుడు కార్తీకం నుంచి ఈ మనిషి ఇలా నవ్వగా నేను చూడలేదు. నాకు సిగ్గుగానే ఉంది, కానీ ఇలాంటి నవ్వుకు ఇంకో రెండు తప్పులు చేయమన్నా చేసేదాన్ని.

తర్వాత ఆయనకు పాఠం పూనింది. పిల్లల్ని కూర్చోబెట్టి తంగేడు కొమ్మ వంచి చూపించారు. ఐదు రేకులు, అందులో ఒకదానికొకటి పోలిక లేదు చూడండి అన్నారు. దీని వేరు లోతుగా పోతుంది, పైన వాన పడకపోయినా లోపలి తేమ వెతుక్కుంటుంది, దీని బెరడుతోనే తోళ్ళు పదును చేస్తారు అన్నారు. విష్ణుక్రాంతం చచ్చిపోయిందా సార్ అని కోమలి అడిగింది. చావలేదు, దాని గింజలు మట్టిలో పడుకుని ఉన్నాయి అన్నారు. ఎన్నాళ్ళు పడుకుంటాయంటే వాన వచ్చి లేపేదాకా అన్నారు. నీలం పెన్సిలు జాగ్రత్తగా పెట్టుకో, వచ్చే ఏడు పనికొస్తుంది అని కూడా చెప్పారు. కోమలి దాన్ని పెట్టెలో అడుగున పెట్టింది. ఆ రోజు పద్నాలుగు మందికీ పసుపు పెన్సిలే కావలసి వచ్చింది. పెన్సిలు తొందరగా అరిగిపోయినవాళ్ళకు మిగతావాళ్ళు ముక్కలు విరిచి ఇచ్చారు.

"పూసిన తంగేడులా ఉందంటారే, ఎప్పుడైనా విన్నారా?" అని పిల్లల్ని అడిగారు ఈయన. సగం మంది చేతులెత్తారు, మా అవ్వ అంటుంది సార్ అని. నిండుగా, కళగా ఉన్న ఇల్లాలిని చూసి అనే మాట అది అని వివరించారు. వివరించేటప్పుడు చూడవలసింది పొద వైపు కదా, నా కొప్పు వైపు చూస్తూ చెప్పారు. పిల్లలు కిసుక్కుమన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ గుత్తి ఇంకా తలలోనే ఉందని. తీయబోయి, తీయలేదు.

ఇంతలో స్టెల్లా ఒక మాట అడిగింది. "సార్, వానలు బాగుండే ఏడాది తంగేడు ఎప్పుడు మొదలవుతుంది? మీ పుస్తకం చూసి పిల్లలకు చెప్పండి, ఈ ఏడుతో పోల్చుకుంటారు." ఈయన సంచీలోంచి పొడుగు పుస్తకం తీసి వెనక్కు తిప్పారు. ఒక ఏడు, ఐదేళ్ళు, పదేళ్ళు. మొదటి పేజీ దాకా తిప్పారు. తంగేడు లేదు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా రాయలేదు. ఆయన మొహం చిన్నబోయింది.

"ఎప్పుడూ ఉండేదే కదా అని రాయలేదమ్మా," అన్నారు స్టెల్లాతో.

"ఈయన అంతే స్టెల్లా," అన్నాను నేను. "వచ్చిపోయేవాళ్ళనే రాసుకుంటారు. ఎప్పుడూ ఇంట్లోనే పడుండేదాన్ని ఎప్పుడు రాసినారు?"

నవ్వించడానికే అన్నాను. పిల్లలు నవ్వారు, స్టెల్లా నవ్వింది, కుప్పమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. పుస్తకం మూసి, దాని అట్ట మీది దుమ్ము అరచేత్తో తుడిచి సంచీలో పెట్టేశారు. అరె, ఎక్కువ అన్నానేమో అనుకున్నాను. కానీ అన్న మాట అబద్ధం కాదు కాబట్టి వెనక్కు తీసుకోలేదు.

మధ్యాహ్నం పిల్లల్ని చిత్తూరు బస్సు ఎక్కించాము. కోమలి కిటికీలోంచి తన బొమ్మ చూపించింది. పసుపు గుత్తి, పక్కన కొప్పు, కొప్పు కింద నా చెవి. చెవి కొంచెం పెద్దదిగా వేసింది. సరిగ్గా వినబడనిది ఆ చెవికే కాబట్టి బాగుందని తలూపాను. కుప్పమ్మ ఎండబెట్టిన ఆవారం పూలు కాగితంలో చుట్టి ఇచ్చింది, నీళ్ళలో మరగబెట్టి తాగమని.

తిరుపతి బస్సులో కిటికీ పక్కన నేను, నా పక్కన ఆయన. బస్సు కదలగానే ఆయన పుస్తకం మళ్ళీ తీశారు. ఒళ్ళో పెట్టుకుని, బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోతుంటే ఆగి ఆగి రాశారు. పువ్వు పేరు: తంగేడు. దాని పక్కనే కొంచెం చిన్నగా, ఆవారం. చోటు: చంద్రగిరి, కుంటకట్ట వెనక. మొదట కనిపించిన తేదీ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

"దీనికి తేదీ ఏమని రాసేది రమా?" అన్నారు. "ఎప్పటి నుంచో ఉండాదే."

"ఈ రోజు తేదీనే వేయండి," అన్నాను. "మీరు చూడడం మొదలుపెట్టింది ఈ రోజే కదా."

ఆయన నన్ను ఒకసారి చూసి, ఆ రోజు తేదీ వేశారు. తర్వాత చూసినవారు అనే గడిలో మామూలుగా ల.న. అని రాసుకున్నారు. రాసి, ఆగి, దాన్ని కొట్టేసి, ర. అని రాసి, దాని తర్వాత మళ్ళీ ల.న. అని రాశారు. తొందరలో ర పక్కన చుక్క సరిగ్గా పడలేదు. ఆయన చేతిలోంచి కలం తీసుకుని ఆ చుక్క నేనే పెట్టాను.